శుభలేఖ మీద అక్షరాలు, ప్రెస్సులో తండ్రీకూతుళ్లు

ప్రశ్న: ఒడిశాలోని బరంపురం నుంచి ఒక పాఠకురాలు సుదీర్ఘమైన లేఖ రాశారు. ఆమె కోరిక మేరకు పేరు, వీధి వివరాలు తొలగించి సారాంశం మాత్రం ఇస్తున్నాము. ఆమెకు 29 ఏళ్లు. విశాఖలో అప్లైడ్ ఆర్ట్స్ చదివి, హైదరాబాదులో ఒక ప్రకటనల సంస్థలో పనిచేశారు. తండ్రికి కంటి శస్త్రచికిత్స జరిగినప్పుడు ఇంటికి వచ్చి, ఆయన ప్రెస్సు చూసుకుంటూ అక్కడే ఉండిపోయారు. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఫ్లెక్సులు, దుకాణాల బోర్డులు వారి పని. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడు భాషల్లోనూ మేటర్ వస్తుంది.

ఇటీవల ఒక పట్టుచీరల వర్తకుల ఇంటి పెళ్లికి ఆమె శుభలేఖ తయారుచేశారు. ఒకవైపు తెలుగు, ఇంకొకవైపు ఒడియా, లోపల ఇంగ్లీషు కాగితం. పూలు, వంకీలు, నీడలు ఏవీ లేకుండా, వృత్తాలతో సరళరేఖలతో గీసినట్టుండే సన్నని అక్షరాలు ఎంచుకుని, లేత దంతపు రంగు కార్డు మీద ఎడం ఎడంగా పేర్చారు. పెళ్లికూతురు మురిసిపోయింది. ఆ అమ్మాయి నానమ్మగారు మాత్రం కార్డు చేతిలోకి తీసుకుని, ఇది ఆఫీసు సర్క్యులర్‌లా ఉందమ్మా అని పక్కన పెట్టేశారు. పక్కనే ఉన్న పాఠకురాలి తండ్రి వెంటనే అల్మారాలోంచి పాత నమూనా తీసి చూపించారు. పనివాళ్ల ఎదుటే ఆ నమూనా ఖాయమైపోయింది. తర్వాత ఒక కంటి ఆసుపత్రి బోర్డుకు ఆమె పెట్టిన సాదా అక్షరాలను తండ్రి రాత్రికి రాత్రే వంకీల అక్షరాలుగా మార్చి ప్రింటుకు పంపారు. పెద్దకర్మ కార్డుకూ పెళ్లి కార్డుకూ ఆయన ఒకే ఫాంటు వాడతారని, చెబితే ‘ముప్పై ఏళ్లుగా ఎవరూ అడగలేదు’ అంటారని ఆమె బాధ.

‘నా అభిరుచే తప్పా? లేక ఈ ఊరికి నేను సరిపోనా? భువనేశ్వర్‌లో ఒక సంస్థ ఉద్యోగం ఇస్తానంటోంది, ఈ నెలాఖరులోగా చెప్పాలి. ఇంతలో ఆ పెళ్లికూతురు ఫోను చేసి, మా నాన్నగారికి తెలియకుండా తన కోసం ఇంకో కార్డు చేసిపెట్టమంటోంది. ఏం చేయమంటారు?’ అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

అమ్మా, మీ లేఖలో రెండు తగాదాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ఒకటి, ఏ సందర్భానికి ఏ అక్షరం తగును అన్నది. రెండవది, ప్రెస్సులో ఆఖరి మాట ఎవరిది అన్నది. మొదటిదానిలో మీ నాన్నగారు ఒకచోట సరి, మీరు ఇంకొకచోట సరి. రెండవదానిలో ఇద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు కనుక, మాట్లాడవలసిందంతా ఫాంట్ల మీదకు మళ్లింది. ముందు అక్షరాల సంగతి చూద్దాం. అది తేలితే తక్కినది మాట్లాడడం తేలిక.

నానమ్మగారి మాట మిమ్మల్ని నొప్పించిందని తెలుస్తూనే ఉంది. అయినా ఆ మాటలో పనికివచ్చే విమర్శ ఒకటి ఉంది. మీరు చదువుకున్న రేఖాగణిత శైలి అక్షరాలు ఇంగ్లీషు రాసే రోమన్ లిపి కోసం పుట్టినవి. పాల్ రెన్నర్ గీసిన ఫ్యూచురా అనే ఫాంటు 1927లో జర్మనీలో బయటికి వచ్చినప్పుడు దాని కొత్తదనం వృత్తం, త్రిభుజం, చతురస్రం వంటి సాదా ఆకారాల నుంచి అక్షరాలను కట్టడంలో ఉంది. 1969లో చంద్రుడి మీద అపోలో 11 వదిలివచ్చిన ఫలకం మీది మాటలు కూడా ఆ ఫాంటులోనివే. అటువంటి అక్షరాలతో ఒక ఇంగ్లీషు కార్డు హుందాగా కనిపించడానికి సాధారణంగా రెండు ఉపాయాలు తోడవుతాయి: అన్నీ పెద్ద అక్షరాలే (క్యాపిటల్స్) వాడడం, వాటి మధ్య ఎడం బాగా పెంచడం. తెలుగులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం అనే భేదమే లేదు. ఇక ఎడం పెంచితే, గుణింతాలూ ఒత్తులూ కలిసి ఒక్క ముద్దగా కనిపించవలసిన మాట విడివిడి అక్షరాలుగా రాలిపోతుంది, చదివే కన్ను ప్రతి అక్షరం దగ్గరా ఆగుతుంది. అందుచేత మీ కార్డులో ఇంగ్లీషు కాగితం హుందాగా, తెలుగు వైపు బోసిగా ఉండి ఉంటుంది. పెళ్లికూతురు ఇంగ్లీషు కాగితాన్ని చూసి మెచ్చుకుంది, నానమ్మగారు తెలుగు వైపు చూసి పెదవి విరిచారు. ఇద్దరి తీర్పూ సరైనదే కావచ్చు, ఎందుకంటే వారు చూసిన కార్డు ఒకటి కాదు.

ఇంకొక చిక్కు మన లిపి స్వభావంలోనే ఉంది. రోమన్ లిపిని వృత్తాల్లోకి దిద్దితే అది కొత్తగా, కాస్త చల్లగా, యంత్రంతో చేసినట్టుగా కనిపిస్తుంది. తెలుగు అక్షరం ఎలాగూ గుండ్రంగానే ఉంటుంది కాబట్టి, దాన్ని కచ్చితమైన వృత్తాల్లోకి దిద్దితే ఆ చల్లదనం రాదు. గీత లావైతే పిల్లల బొమ్మల పుస్తకంలోని ముద్దుతనం వస్తుంది, సన్ననైతే వెలితి వస్తుంది. పైగా మన అక్షరాల మధ్య తేడాలు చాలా చిన్నవి. ప, వ ల తేడా తలకట్టు అక్షరాన్ని అంటుకుందా లేదా అన్న సందులో ఉంది. ద, ధ, థ లను వేరు చేసేవి కింద ఒక గీత, లోపల ఒక చుక్క. అన్ని గీతలనూ ఒకే మందానికి తెచ్చి, అన్ని వంపులనూ ఒకే వృత్తంగా చేస్తే మొదట చెడేవి ఈ తేడాలే. శుభలేఖలో ‘వధువు’, ‘బంధుమిత్రులు’, ‘విధేయులు’ అనే మాటలు తప్పించుకోలేనివి. బంగారు రేకు ఒత్తినప్పుడు సన్నని గీత సరిగా పట్టకపోవచ్చు, స్క్రీన్ ప్రింటింగులో సిరా కాస్త పరుచుకుంటే ధ కింది గీత అక్షరంలో కలిసిపోవచ్చు. అప్పుడు వధువు వదువైపోతుంది. ఆ తప్పు మీద పడేది డిజైనరు పేరు కాదు, ప్రెస్సు పేరు.

ఒడియా వైపు ఇబ్బంది వేరు రకం. ఒడియా అక్షరాల్లో చాలావాటికి పైన గొడుగులాంటి వంపు ఉమ్మడిగా ఉంటుంది. అక్షరాన్ని గుర్తుపట్టించే తేడా ఆ వంపు కింద, చిన్న జాగాలో ఉంటుంది. బోల్డ్ పెంచినకొద్దీ ఆ జాగా పూడుకుపోతుంది. కనుక తెలుగు వైపు ఎంత లావు పెట్టారో ఒడియా వైపూ అంతే లావు పెడితే రెండూ సమానంగా కనిపించవు, ఒడియా పేజీ నల్లగా బరువెక్కుతుంది. ఒడియాను ఒక మెట్టు తక్కువ బోల్డులో ఉంచి, సైజు కొద్దిగా పెంచి, రెండు వైపులనూ చేయి చాపినంత దూరంలో పట్టుకుని చూడండి. కొలతలు సమానం కావాలన్న పట్టుదల ఇక్కడ మానుకోవాలి.

ఇప్పుడు మీ నాన్నగారి వైపు వద్దాం. ఆయన వంకీల అక్షరాలను మీరు పాతకాలపు అలవాటుగా మాత్రమే చూస్తున్నారు. నా దృష్టిలో ఆయన ఒక విషయం బాగా ఎరుగుదురు: పెళ్లి కార్డు అందుకున్న ఇంట్లో ముందు దాన్ని చదవరు, చూస్తారు. పైన ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ అన్న వరుసను ఏ ఇంట్లోనూ ఎవరూ కూడబలుక్కుని చదవరు. ఆ ఆకారం కనబడగానే ఇది పెళ్లి పిలుపు అని తెలిసిపోతుంది. అటువంటి మాటకు ఎంత అలంకారం చేసినా నష్టం లేదు. శ్రీ లోని రావత్తు కొస కార్డు సగం దాకా చుట్టుకుపోయినా ఎవరికీ అడ్డు రాదు. చిక్కు ఎక్కడంటే, ఆయన అదే అలంకారాన్ని ముహూర్తం గంటలకూ, కల్యాణ మండపం చిరునామాకూ, విందు వివరానికీ కూడా తొడుగుతారు. ఆ మాటలు ఎవరికీ ముందే తెలిసినవి కావు. వాటిని చదివి తీరాలి.

మీ ఊరి విషయంలో ఈ తేడా మరింత ముఖ్యం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక ప్రావిన్సు అయ్యేవరకు బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. అప్పటి నుంచీ, అంతకుముందు నుంచీ అక్కడ ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇవాళ ఇంట్లో తెలుగు చక్కగా మాట్లాడుతూ, బడిలో ఒడియా, ఇంగ్లీషు మాత్రమే చదివిన పిల్లలు ఎందరో ఉన్నారు. వారిలో చాలామంది తెలుగు లిపిని కూడబలుక్కుని చదువుతారు. అలవాటున్న కన్ను వంకీల మధ్య నుంచి అక్షరాన్ని ఏరుకోగలదు, అలవాటు లేని కన్ను మొదటి ఒత్తు దగ్గరే ఆగి, కార్డు తిప్పి ఒడియా వైపు చదువుకుంటుంది. అలా తిప్పేసినప్పుడు తెలుగు వైపు ఒక అలంకారంగా మాత్రమే మిగులుతుంది. ఒడిశాలోనే ఉన్న పర్లాకిమిడిలోనైనా, రాయగడలోనైనా, జయపురంలోనైనా ఈ పరిస్థితి ఉంది. అందువల్ల నేను మీకు ఇచ్చే కొలమానం ఒక్కటే: చదవకుండానే గుర్తుపట్టే మాటకు అలంకారం పెట్టవచ్చు, చదివి తెలుసుకోవలసిన మాటకు సాదా అక్షరమే పెట్టాలి. దీనిలో మీ నాన్నగారికీ చోటుంది, మీకూ చోటుంది. ఒకే కార్డులోనే ఉంది.

ఇదే కొలమానంతో మిగిలిన రెండు పనులనూ చూడండి. కంటి ఆసుపత్రి బోర్డు విషయంలో నేను పూర్తిగా మీ పక్షమే. ఆ బోర్డును రోడ్డు మీద నుంచి వెతుక్కునేవారిలో చూపు మసకబారినవారే ఎక్కువ. అక్కడ గీతలు నిలకడగా, అక్షరం లోపలి ఖాళీలు పెద్దవిగా, ఒత్తులకు కింద తగినంత చోటు ఉండడం సౌందర్యం కోసం కాదు, అవసరం కోసం. బోర్డుల పనిలో పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్న ఉజ్జాయింపు లెక్క ఇంగ్లీషుకు వాడుతుంటారు. తెలుగులో ఒక వరుసలోనే తలకట్టు, అక్షరం, ఒత్తు మూడూ ఇమడాలి కాబట్టి దానికంటే పెద్దదే పెట్టుకోవాలి. పెద్దకర్మ కార్డు సంగతిలోనూ మీరే సరి. దుఃఖంలో ఉన్న ఇంటి పిలుపుకు వంకీలు తగవు, అలాగని కొలబద్దతో గీసినట్టుండే సన్నని అక్షరమూ తగదు, అది మరీ ముక్తసరిగా ఉంటుంది. లావు సన్నాల తేడా నెమ్మదిగా కనిపించే పుస్తకపు అక్షరం, నోటో సెరిఫ్ తెలుగు అనే ఫాంటు వంటిది, మామూలు మందంలో వాడితే గౌరవంగా ఉంటుంది. చూశారా, మూడు పనులకు మూడు దారులు వచ్చాయి. అలంకారమా, రేఖాగణితమా అని రెండు జట్లు కట్టి వాదించుకున్నంతసేపూ ఈ మూడవ దారి మీ ఇద్దరికీ కనబడలేదు.

ఇక ఫాంట్ల లభ్యత గురించి. ఇంగ్లీషులో మీకు నచ్చినదానికి తెలుగులో జోడీ దొరకదని మీరు రాసినది చాలావరకు నిజమే. ఉదాహరణకు మీరు పేర్కొన్న పాపిన్స్ ఫాంటులో రోమన్‌తోపాటు దేవనాగరి ఉంది, తెలుగు లేదు, ఒడియా లేదు. మూడు లిపులూ ఒకే చేతితో గీసినట్టు ఉండాలంటే ముంబయిలో ఫాంట్లు తయారుచేసే ఏక్ టైప్ వారి అనేక్ చూడండి. తొమ్మిది భారతీయ లిపులకూ రోమన్‌కూ కలిపి చేసిన ఫాంట్ల కుటుంబం అది. మందంతోపాటు వెడల్పు కూడా మార్చుకోవచ్చు కనుక, వరుసలో పట్టని తెలుగు పేరును కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేరులో పక్కలనుంచి నొక్కి ఇరికించే దురలవాటు తప్పుతుంది. అలా నొక్కితే నిలువు గీతలు సన్నబడి, అడ్డ గీతలు అలాగే ఉండిపోయి అక్షరం వికారమవుతుంది. వారిదే బలూ కుటుంబంలో తెలుగు ఫాంటు పేరు బలూ తమ్ముడు, ఒడియా ఫాంటు పేరు బలూ భాయినా. లావుగా, గుండ్రంగా, నవ్వుతున్నట్టు ఉంటాయి. పుట్టినరోజుకు, మిఠాయి కొట్టుకు, పిల్లల బడికి బాగుంటాయి. పెళ్లి కార్డు మీద వధూవరుల పేర్లకు మాత్రం నేను వాడను. శీర్షికలకు రామభద్ర ఫాంటు లావుగా గట్టిగా నిలుస్తుంది, చేతిరాత ఛాయ కావాలంటే లక్కిరెడ్డి ఉంది. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరుతో కూడా ఒక ఫాంటు ఉంది. మీ జిల్లాల వారికి ఆ పేరు చూడగానే వాడాలనిపించడం సహజం, కానీ మేటర్ పోసి చూశాకే నిర్ణయించండి. ఇవన్నీ ఉచితంగా దొరికేవే, వ్యాపారానికి వాడుకునే అనుమతి కూడా ఉన్నవే.

ఇక్కడే మీ నాన్నగారి పట్టుదలకు ఒక కారణం ఉందేమో ఆలోచించండి. డీటీపీలో, అంటే కంప్యూటరు మీద పేజీలు పేర్చే పనిలో, ముప్పై ఏళ్లు ఉన్నవారి చేతివేళ్లు ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్ల కీబోర్డుకు అలవాటుపడి ఉంటాయి. ఆ కాలపు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను పెట్టి నడిచేవి, ఆనాటి పేజీలు పేర్చే సాఫ్ట్‌వేరు పేజ్‌మేకర్‌లో యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలోనూ ఒకే సంకేతం ఉండే పద్ధతి, నడవదు. మీరు ఎంచే కొత్త ఫాంట్లన్నీ యూనికోడ్‌వి. మీరు ఫాంటు మార్చమన్న ప్రతిసారీ ఆయనకు వినబడేది, ఇన్నేళ్ల ఫైళ్లూ, టైపింగు వేగమూ పక్కన పెట్టమన్న మాట. ఆయన బయటికి ఒప్పుకోకపోవచ్చు. పాత మేటర్‌ను యూనికోడ్‌లోకి మార్చే పని మీరు తీసుకుంటానని చెప్పి చూడండి. వాదన సగం చల్లబడవచ్చు.

రాత్రికి రాత్రి బోర్డు మార్చి పంపడం మాత్రం తప్పే. మీరు ఆయన కూతురు అయినందుకు కాదు, ఆసుపత్రివారు ఒప్పుకున్న నమూనా వేరు, అందుకున్న బోర్డు వేరు అయినందుకు. ఈ మాటను ఆయనతో అలాగే, ఖాతాదారు వైపు నుంచి చెప్పండి. పనివాళ్ల ముందు జరిగిన అవమానాన్ని ఇంకొక రోజు, ఇంట్లో, విడిగా చెప్పండి. రెండూ ఒకే పూట చెబితే ఆయన రెండవదానికి జవాబిచ్చి మొదటిదాన్ని దాటేస్తారు.

మీ ముందున్న దారులు మూడు, నాలుగు కనిపిస్తున్నాయి. పెళ్లి, కర్మ కార్డులు ఆయనకు, బోర్డులు, సంచులు, పెట్టెల డిజైన్లు మీకు అని పని పంచుకోవచ్చు. పేచీ ఆ పూటకే తగ్గుతుంది, కానీ ప్రెస్సులో సీజన్ ఆదాయం శుభలేఖలదే కాబట్టి కొన్నాళ్లకు మీరు పక్క గదిలో పనిచేసే మనిషిలా మిగిలిపోయే ప్రమాదం ఉంది, పెద్దకర్మ కార్డు అలాగే వెళుతూ ఉంటుంది. లేదా ప్రతి పనికీ ఖాతాదారుకు రెండు నమూనాలు, ఒకటి ఆయనది, ఒకటి మీది, చూపించవచ్చు. ఇది న్యాయంగా కనిపిస్తుంది గానీ, తండ్రీకూతుళ్ల పోటీకి ఖాతాదారు న్యాయనిర్ణేత అవుతారు, ఓడినవారు ఇంటికి వచ్చి అన్నం తినాలి. నాకు ఇది అంతగా నచ్చదు. మూడవది, పైన చెప్పిన కొలమానాన్ని ప్రెస్సు పద్ధతిగా ఒప్పించుకుని, ఒకే కార్డులో ఆయన వరుసలు ఆయనకు, మీ వరుసలు మీకు అని పనిచేయడం. దీనికి ఓపిక కావాలి, మొదటి నెలల్లో గొడవలు తగ్గవు. అయితే పని నాణ్యత పెరిగేది దీనిలోనే.

భువనేశ్వర్ ఉద్యోగాన్ని పారిపోవడంగా నేను చూడను. నెలజీతం, మీ చదువు ఎరిగిన సహోద్యోగులు, మీ మాటను కూతురి మాటగా కాక డిజైనరు మాటగా వినే చోటు, ఇవి తక్కువ విషయాలు కావు. కానీ అక్కడ మీకు వచ్చే పనిలో ఎక్కువ భాగం ఒడియా, ఇంగ్లీషే అయి ఉంటుంది. తెలుగు అక్షరంతో పనిచేసే అవకాశం దాదాపు ఉండకపోవచ్చు. అది మీకు లోటుగా అనిపిస్తుందో లేదో మీరే చెప్పాలి. లేఖలో మీరు ఫ్యూచురా గురించి ఒక్క వాక్యం రాసి, తెలుగు తలకట్టు గురించి ఒక పేజీ రాశారు, అది మాత్రం గమనించాను. వెళ్లాలనుకుంటే బోర్డు తగాదాను కారణంగా చూపి వెళ్లకండి, ఉద్యోగం నచ్చి వెళుతున్నానని చెప్పి వెళ్లండి, తిరిగి వచ్చే దారి అప్పుడు మూసుకుపోదు. ఉండాలనుకుంటే జీతమో, లాభంలో వాటానో, ఆఖరి ప్రూఫు మీద సంతకం ఎవరిదో నెలాఖరులోగా కాగితం మీద రాసుకోండి. ఇంటి వ్యాపారంలో ఇది ఎబ్బెట్టుగా తోస్తుంది, అయినా రాసుకోండి.

పెళ్లికూతురు అడిగిన రెండవ కార్డు మాత్రం రహస్యంగా చేయవద్దు. ఊరు చిన్నది, పెళ్లి పెద్దది, ఆ కార్డు మీ నాన్నగారి చేతికి ఎవరో ఒకరు తెచ్చి ఇస్తారు. ఆ అమ్మాయి కోరికను ఆయన ముందే పెట్టి, కార్డు పై వరుస మీరు రాయండి నాన్నా, కింద ముహూర్తం, మండపం నేను పేర్చుతాను అని అడగండి. ఇంగ్లీషు కాగితం మీరు చేసినట్టే ఉంచండి, అది బాగుంది. తెలుగు వైపు వధూవరుల పేర్లు మధ్యస్థంగా ఉండనివ్వండి: పేరు బంధువులకు తెలిసినదే అయినా, అవతలి వియ్యాలవారి వైపు వారికి తెలియదు. ముహూర్తం, చిరునామా 12 పాయింట్లకు తగ్గకుండా, పై వరుస ఒత్తులు కింది వరుసను తాకనంత ఎడంతో పెట్టి, స్క్రీన్ మీద కాకుండా అసలు సైజులో ప్రింటు తీసి, నానమ్మగారి చేతికీ, ఆ ఇంట్లో తెలుగు బడి ఎరుగని పిల్లల చేతికీ ఇచ్చి గంట ఎంతో చదవమనండి. ఒడియా వైపు తేదీ ఒడియా అంకెల్లోనా, మామూలు అంకెల్లోనా అన్నది ఆ కుటుంబాన్నే అడగండి, ఆ ప్రూఫును ఒడియా బాగా వచ్చినవారితో ఒకసారి దిద్దించిన తర్వాతే అచ్చు ప్లేటు తయారీకి పంపండి.